నాచిముత్తు మీసం, అప్పత్త బొట్టు

కోయంబత్తూరులోని గణపతి పేటలో మెషిన్ షెడ్డు నడిపే ఎవరినడిగినా నాచిముత్తు మీసం సంగతి చెబుతారు. మనిషి మూల మలుపు తిరిగేలోపే మీసం షెడ్డులోకి వచ్చేసేది. అతని పని స్పిండిళ్లు బాగుచెయ్యడం. మెషిన్లో టూల్‌ని పట్టుకుని గిర్రున తిరిగేది స్పిండిలే. అది కాస్త వణికినా ఇనుములో వేసే బెజ్జం గుండ్రంగా రాదు. అలాంటివాటిని విప్పి, బేరింగులు మార్చి, గ్రీజు పెట్టి మళ్లీ నిలబెడతాడు. పని ఎంత బాగా చేస్తాడో అంతకు రెండింతలు గొప్పలు చెప్పుకుంటాడు. పక్క షెడ్డులో గ్రైండింగు చేసుకునేవాణ్ణి కాబట్టి ఆ గొప్పలన్నీ ముందు నా చెవినే పడేవి.

అవి ఉత్త గొప్పలు కావని కూడా చెప్పాలి. బేరింగుని సుత్తితో కొట్టి ఎక్కించేవాణ్ణి చూస్తే అతనికి ఒళ్లు మండేది. "పెళ్లాం చేతికి గాజులు కూడా సుత్తితోనే ఎక్కిస్తావట్రా?" అని తిట్టేవాడు. తను మాత్రం బేరింగుని వెచ్చబెట్టి, కాస్త సాగాక మెల్లగా జార్చేవాడు. బిగించాక కూడా వెంటనే వేగంగా తిప్పనిచ్చేవాడు కాదు. నిదానంగా తిప్పుతూ, చెయ్యి ఆనించి వేడి చూస్తూ, గ్రీజు అంతటా సర్దుకున్నాకే వేగం పెంచేవాడు. అంతసేపూ యజమాని గడియారం వంక చూస్తుంటే ఇతను టీ తాగుతూ మీసం దువ్వుకునేవాడు.

ఒక ఏడు ధనపాలన్ షెడ్డులో ఒక స్పిండిల్ బాగుచేశాడు. పంపు సామాన్లు చేసే ఆ షెడ్డుని మొదలుపెట్టింది ధనపాలన్ నానమ్మ మరుదాత్తాళ్. మా అందరికీ ఆవిడ అప్పత్త, అంటే నానమ్మే. చూపు బాగా మందగించినా రోజూ వచ్చి గుమ్మం పక్కన కుర్చీలో కూర్చునేది. పని అయ్యాక నాచిముత్తు ఆవిడ ముందు నిలబడ్డాడు.

"అప్పత్తా, కొత్త పెళ్లికూతుర్ని తెచ్చి నిలబెట్టా. ఏడాదిలోగా ఇది కుయ్యిమందంటే ఈ మీసం గొరిగించుకుని వీధంతా తిరుగుతా!"

"అదీ తీసేస్తే నీకిక మిగిలేదేముంది కణ్ణూ?" అంది అప్పత్త. షెడ్డంతా ఘొల్లుమంది.

తర్వాత ఆయుధపూజ వచ్చింది. మెషిన్లన్నీ తుడిచి, విభూతి పట్టెలు వేసి, చందనం కుంకుమ బొట్లు పెట్టి, గుమ్మడికాయ కొట్టి, బొరుగులు పంచాం. ఆ షెడ్డులో బొట్లు పెట్టే చెయ్యి ఎప్పుడూ అప్పత్తదే. ఈసారి మాత్రం నేల మీది చమురుకి ఆవిడ కాలు జారబోయింది. ధనపాలన్ హడలిపోయాడు.

"వచ్చే ఏడు నుంచి పూజారిని పిలుస్తా. నువ్వు ఇంటిపట్టున ఉండు అప్పత్తా."

"నా బొట్టు పడ్డ మెషిన్ ఎప్పుడైనా చెడిందట్రా?"

"చెడితే మానేస్తావా?"

"మానేస్తా పో!" అంది ఆవిడ, రోషంగా.

సెలవు అయిపోయి మెషిన్ తిప్పగానే ఆ పెళ్లికూతురే కుయ్యిమంది. బెజ్జాలు కోడిగుడ్ల ఆకారంలో వస్తున్నాయి. టీ కొట్టు దగ్గర పండగే పండగ. నాచిముత్తు ముఖం మాడ్చుకుని వచ్చాడు. తమాషా చూద్దామని నేనూ వెనకాలే వెళ్లాను.

స్పిండిల్‌కి కొలత కడ్డీ బిగించి చేత్తో తిప్పాడు. వణుకు కొలవడానికి దానికి ఆనించిన డయల్ గేజ్ ముల్లు గంతులేసింది. కడ్డీ తీసేసి, డయల్‌ని స్పిండిల్ మూతి అంచుకే ఆనించి తిప్పాడు. ముల్లు కదిలితే ఒట్టు. అంటే బేరింగులు భేషుగ్గా ఉన్నాయి. మరి కూత ఎక్కడిది? టూల్ కూర్చునే ఆ మూతిలోకి వేలు పెట్టి గోకాడు. వేలు బయటికి వచ్చేసరికి పచ్చగా ఉంది, మధ్యలో ఎర్రగా.

చందనం, కుంకుమ. ఎండి రాయిలా ఒక పక్క అంటుకుంది. దాని మీద టూల్ ఒరిగి కూర్చుంటోంది. పెళ్లికూతురు అన్నాడు కదా అని, అప్పత్త మెషిన్ పై రేకుకి పెట్టాల్సిన బొట్టు తడుముకుంటూ వెళ్లి ఆ పిల్ల మూతిలోనే పెట్టింది!

నాకు నవ్వాగలేదు. ఆ వేలు పైకెత్తి చూపిస్తే చాలు, మీసం దక్కినట్టే.

"ఏమైందన్నా?" అన్నాడు ధనపాలన్.

కుర్చీలోంచి అప్పత్త మెడ చాచింది. "నా బొట్టు అచ్చిరాలేదా నాచిముత్తూ?" గొంతు వణికింది. ఆవిడ గొంతు అలా వినడం నాకు అదే మొదలు.

నాచిముత్తు వేలి వంక చూసుకున్నాడు. గుడ్డతో మూతి లోపల శుభ్రంగా తుడిచి, గుడ్డ జేబులో కుక్కుకున్నాడు.

"బొట్టుకేం? మహాలక్ష్మిలా ఉంది. బేరింగు నేనే వంకరగా బిగించా. తప్పు నాది."

నేను నోరు తెరవబోతే బూటుతో నా కాలు తొక్కాడు. అబ్బ, ఏం తొక్కుడది!

సాయంత్రానికి మంగలి కొట్టులో మీసం రాలిపోయింది. ఇంటికి వెళ్తే భార్య పూంగొడి తలుపు తీసి, "ఎవరు కావాలండీ? ఆయన ఇంట్లో లేరు" అందట. అన్న మాట నిలబెట్టుకోవాలని మర్నాడు వీధంతా తిరిగాడు. టీ కొట్టు వాడైతే పాలు కావాలా బాబూ అని అడిగాడు. అన్నీ పడ్డాడు. చివరికి అప్పత్త ముందుకొచ్చి నిలబడ్డాడు.

ఆవిడ దగ్గరికి పిలిచి, పై పెదవి మీద వేళ్లతో తడిమి చూసింది. ధనపాలన్ లోపల ఉన్నాడని తెలుసుకుని గొంతు తగ్గించింది.

"నిన్న నీ జేబులోంచి చందనం వాసన వచ్చింది. నాకు పోయింది కళ్లేరా, ముక్కు కాదు."

నాచిముత్తు తెల్లబోయాడు. "మరి అప్పుడే చెప్పొచ్చుగా అప్పత్తా! మీసం దక్కేది కదా!"

"నీ మీసం మళ్లీ మొలుస్తుంది కణ్ణూ. నాకు ఇంకెన్ని పూజలు మిగిలాయి చెప్పు?"

అలవాటుగా మీసం మీదికి వెళ్లిన అతని చేతికి అక్కడేమీ దొరకలేదు. అట్నుంచి అటే వంగి, ఆవిడ కాళ్లు పట్టుకున్నాడు.