తడి లేని సీసాలు

జ్ఞానేంద్ర గారికి బీరంటే పడదు. చేదట. అయినా కెనడాలో, బర్నబీ ఊళ్లో ఆయన గరాజ్ నిండా బీరు సామానే. ఆ పిచ్చి ఆయన భార్య అంజన గారిది. ఇద్దరూ ఫిజీ నుంచి వచ్చిన తెలుగువాళ్లు. ఆయన ఇళ్లకు కిచెన్ అల్మరాలు బిగించేవారు. ఆవిడ స్కూల్ బస్సు నడిపేది, సెలవు దొరికితే బీరు కాచేది. నేను వాళ్ల బేస్‌మెంట్‌లో అద్దెకుండేదాన్ని. కొత్త బీరు దిగిన ప్రతిసారీ ఆయన ఒక గుక్క తాగి మొహం చిట్లించడం, ఆవిడ గ్లాసు లాక్కోవడం నేను చూస్తూనే ఉండేదాన్ని. ఎప్పటికైనా ఆయనే అడిగి మరీ తాగేలా చేస్తానని ఆవిడ పంతం.

ఆ ఇంట్లో ఆయనకు అప్పగించిన పని వేరు. ఊరగాయ జాడీలు. ఈ ఊరి ఎండను నమ్ముకుంటే జాడీ ఆరదు కాబట్టి, కడిగి, గుడ్డతో తుడిచి, సన్నటి వేడి మీద అవెన్‌లో పెట్టి తీసేవారు. చుక్క తడి ఉన్నా బూజు పడుతుందని ఆవిడ చెప్పిన మాట ఆయనకు వేదం. బీరు సీసాల దగ్గరికి మాత్రం ఆయన్ను రానిచ్చేది కాదు. మొరటు చేతులనేది.

మొన్న అక్టోబర్‌లో ఆవిడ బస్ షెడ్డులో కూలబడి మళ్లీ లేవలేదు. ఆఖరిసారి కాచిన బీరు గరాజ్ ఫ్రిజ్‌లో, కెగ్గు అనే స్టీలు పీపాలో అలాగే ఉండిపోయింది. ఆయన దాన్ని ముట్టుకోలేదు. వేసవి రాకముందే ఇల్లు అమ్ముడుపోయింది. కూతురు ఏక్తా తనుండే రెజైనా ఊరికి వచ్చేయమంది. సామాను లారీవాళ్లు కెగ్గు ఎక్కించబోమన్నారు. సరే, సీసాల్లో నింపుకుంటానన్నారు ఈయన. ఏటా సంవత్సరీకం నాడు ఆవిడ ఫోటో ముందు ఒక సీసా పెట్టాలట. అన్నేళ్లు బీరు నిలవ ఉండదని నేను చెప్పాను.

"నేను మాత్రం ఉంటానా?" అన్నారు.

లారీ రావడానికి ముందు రోజు మధ్యాహ్నం సాయానికి నన్ను పిలిచారు. నేను వెళ్లేసరికి శుభ్రమైన సీసాలు బల్ల మీద వరసగా మెరుస్తున్నాయి. మొదటి సీసాలో కెగ్గు గొట్టం పెట్టి దాని కుళాయి తిప్పారు. నురుగు. సీసా మెడ దాకా పొంగి, నేల మీదికి కారి, చివరికి అడుగున రెండు వేళ్ల బీరు మిగిలింది. రెండోదీ అంతే. బీరును బయటికి నెట్టే గ్యాస్ చాలడం లేదనుకుని సిలిండర్ మీద మర ఇంకాస్త తిప్పారు. ఈసారి నురుగు ఆయన చొక్కా దాకా ఎగిరింది. నేను ఫోన్‌లో వెతికి, ప్రెషర్ పెంచడం కాదు, తగ్గించాలని మొత్తుకున్నాను. తగ్గించాం. నెమ్మదిగా పట్టాం. అయినా పొంగుతూనే ఉంది. ఎందుకంత తొందరని ఆయన మీద విసుక్కున్నాను కూడా. ఆయన ఇంకో సీసా అందుకునేవారు. గరాజ్ అంతా పులిసిన వాసన.

మధ్యలో ఏక్తా ఫోన్ చేసింది. "డాడ్, జస్ట్ పోర్ ఇట్ అవుట్. పారబోసెయ్," అంది.

"అదే చేస్తున్నానమ్మా," అన్నారాయన.

ఈసారి నేనే ఒక సీసా అందుకున్నాను. గోరువెచ్చగా ఉంది.

"ఇదేంటి అంకుల్, వేడిగా ఉంది?"

"అవెన్‌లో ఆరబెట్టాను కదా. తడి ఉంటే బూజు పడుతుంది."

నా విసుగంతా ఒక్కసారిగా చచ్చిపోయింది. చల్లటి బీరు వెచ్చటి సీసాలో పోస్తే పొంగక ఏమవుతుంది? సీసా చల్లగా ఉండాలి, నురుగు పుట్టకుండా లోపల తడిగా కూడా ఉండాలి. ఊరగాయకు ఏది మంచిదో దీనికి అదే చెరుపు. ఆ మాట చెప్పక తప్పలేదు. ఆయన బల్ల వైపు చూశారు. ఒక సీసా తీసుకుని, వేళ్లు ఎర్రబడేదాకా చన్నీళ్ల కింద పట్టుకుని, తడితడిగానే తెచ్చి గొట్టం పెట్టారు. నురుగు రాలేదు. తేనె రంగు బీరు చప్పుడు లేకుండా సగం దాకా నిండింది. అంతలో కుళాయి దగ్గినట్టు చప్పుడు చేసి ఆగిపోయింది. కెగ్గు ఖాళీ.

సగం సీసా నిలవ ఉండదు. మూత బిగించినా లోపలి గాలికి పాడైపోతుంది. సంవత్సరీకం చూస్తే ఇంకా ఎంతో దూరం. పారబోయడమో తాగడమో చేయాలని చెప్పేశాను. నాకు ఏడుపొచ్చింది. గ్లాసులన్నీ డబ్బాల్లో సర్దేశాం కాబట్టి ఆయన సీసానే ఎత్తి, చేదు మందు తాగేవాడిలా కళ్లు మూసుకుని ఒక గుక్క తాగారు.

మొహం చిట్లించలేదు. ఇంకో గుక్క తాగారు. తర్వాత ఆపకుండా మొత్తం తాగేశారు.

"చేదు లేదు," అన్నారు. "మీ ఆంటీ తీసేసింది."

ఆ ఖాళీ సీసాను నా వైపు చాచారు.

"ఇంకొంచెం ఉందేమో చూడమ్మా."

లేదని తెలిసీ కుళాయి తిప్పాను. గ్యాస్ మాత్రం వచ్చింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.