రాహేలు రిపోర్టు చదివింది నేనే

నిన్న పొద్దున ఉదయగిరి నుంచి ఫోన్. రాహేలు లేదట.

కాఫీ చేతిలోనే చల్లారిపోయింది. ఏడుద్దామంటే మొహం చెల్లలేదు.

స్కూల్లో మా ఇద్దరిదీ ఒకే బెంచీ. నేను ఆత్మకూరు కాలేజీలో బయాలజీ లెక్చరర్‌నయ్యాను. తను, భర్త యేసోబు ఉదయగిరిలో కొయ్య గరిటెలు చెక్కేవాళ్లు. నాకో గరిటె ఇచ్చి, "కూర బాగలేకపోతే దీన్ని అనబాక" అనేది.

తొంభైల్లో తన నాలుక పక్కన గడ్డ లేచింది. పెద్దాసుపత్రిలో ముక్క తీసి టెస్ట్ చేశారు. క్యాన్సర్ ఇంకా కాలేదు, కణాలు మారుతున్నాయి, పి53 స్ట్రాంగ్ పాజిటివ్, గడ్డ కోయించుకోడానికి వెంటనే రావాలి. ఇదీ రిపోర్టు.

ఇంగ్లీషు కాగితం ఏదొచ్చినా నా దగ్గరికే తెచ్చేవాళ్లు, ఇదీ తెచ్చారు. నేనూ కళ్లజోడు సర్దుకుని తీర్పు చెప్పేదాన్ని.

పి53 అంటే గడ్డలు పెరగనీయకుండా కణానికి కాపలా కాసే ప్రోటీన్. ఏదో మ్యాగజైన్‌లో అంతవరకే చదివాను.

"కాపలా గట్టిగా ఉండాది పోవే. కోత అక్కర్లా."

"డాక్టరు రమ్మన్నాడు గదా మేడం, రేపే తీసకపోతా" అన్నాడు యేసోబు.

"డాక్టర్లు రమ్మనక పొమ్మంటారా?"

చెడిపోయిన పి53 కాపలా కాయదనీ, కరిగిపోకుండా కణంలో పోగుపడుతుందనీ, అంత ఎక్కువ కనపడటమే ప్రమాదమనీ నాకు తర్వాత తెలిసింది.

ఆరు నెలలకు అది క్యాన్సరైంది. సగం నాలుక తీసేశారు.

డాక్టరు యేసోబు మీద మండిపడ్డాడు. "ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావయ్యా?" ఆయన తల దించుకున్నాడు. నా పేరెత్తలేదు. ఫైలు పట్టుకుని పక్కనే ఉన్న నేను నోరు మెదపలేదు. ఊళ్లో మాటకారినని పేరు నాకు.

పని ఆగిపోతుందని అమ్మను తీసుకెళ్లలేదంటూ పిల్లలు అప్పటినుంచీ ఆయన్నే తప్పుపట్టారు.

ఒకసారి రాహేలుకు సారీ చెప్పబోయాను. తన మాట ముద్దగా వచ్చినా పదును తగ్గలేదు.

"నాకెందుకే? నా బిడ్డలకు చెప్పు. నేను చెప్తే మొగుణ్ణి ఎనకేసుకొస్తా ఉండానంటారు."

సరేనన్నాను. చెప్పలేదు. పరువు. ఉద్యోగానికి రిటైర్మెంట్ వచ్చింది గానీ దానికి రాలేదు.

శాంతీ, డేవిడ్, ఇది చదవండి.

మీ నాయన తీసుకెళ్తానన్నాడు. వద్దన్నది నేను.

ఇవాళ సమాధి దగ్గర ఆయన పక్కన నిలబడండి.

రాహేలూ, నువ్వు చెప్పమన్న మాట నువ్వు పోయాక చెప్పాను. తిట్టుకుంటూనే వెళ్లిరా. నొప్పి లేని చోట నీకు నెమ్మది దొరకాలి.