గుంటలు పూడ్చిన గిటారు

ఆ గిటారు నా కోసం చేసింది కాదు. విదేశాల్లో పేరున్న వాద్యకారుడొకడు తన చేతికి నప్పేలా చెప్పి చేయించుకున్న మోడలు. తల దగ్గర వాడి సంతకం ఉంటుంది. ఆ సంతకం చూసి మురిసిపోయేవాళ్లున్నారు, నాకు దానితో పని లేదు. మీగడ రంగు ఒళ్లు, తీగల ధ్వనిని అందుకునే మూడు పికప్‌లు, శ్రుతిని ఊపడానికి కింద ఓ ఇనుప కడ్డీ. ఇవన్నీ వేరే గిటార్లకూ ఉంటాయి. దీని ప్రత్యేకత మెడ మీది గుంటలు. మెడకి అడ్డంగా బిగించిన లోహపు ఫ్రెట్టుకీ ఫ్రెట్టుకీ మధ్య చెక్కను దోనెలా లోపలికి తొలిచి ఉంటారు. తీగ నొక్కితే వేలు చెక్కకు తగలదు. కాస్త ఆనిస్తే చాలు, స్వరం పలుకుతుంది. గట్టిగా నొక్కితే మాత్రం శ్రుతి పైకి పోతుంది.

నాకు ఆ భయం లేదు. గట్టిగా నొక్కే వేళ్లు నాకు లేవు.

టాటానగర్‌లో బిర్సానగర్ వైపు నేను పనిచేసే చిన్న కార్ఖానాలో నా ఎడమచెయ్యి రేకులు నొక్కే ప్రెస్సు కింద నలిగింది. వేళ్లు మిగిలాయి గాని నడిమి రెండింటిలో బలం పోయింది. నాన్న రోజూ ఆముదం రాసి మర్దనా చేస్తూ, తిరిగొచ్చేస్తుందని చెప్పేవారు. అంతకుముందు పెళ్లిళ్లలో, పూజ పందిళ్లలో ఆర్కెస్ట్రాకి వాయించేవాణ్ణి. పగలంతా ఇనుముతో పెనుగులాడేది సాయంత్రం కాసేపు మనిషిలా ఉండడానికే. అదీ పోయాక నాకు బతుకు మీద అసహ్యం పుట్టింది. నా పాత గిటారు ఎంత నొక్కినా దగ్గేదే తప్ప పాడేది కాదు. అలాంటప్పుడు కలకత్తాలో ఒకాయన వాడి వదిలేసిన ఈ గిటారు నా చేతికొచ్చింది. మొదటిరోజే పాట పలికింది. ఆర్కెస్ట్రా ఆయన దుర్గాపూజకి వచ్చి వాయించి చూపించమన్నాడు. కుదిరితే నా చోటు నాది, లేదంటే ఇంకొకరిని పెట్టుకుంటానన్నాడు.

నాన్న టాటానగర్ రైల్వేలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. బాగ్‌బేరాలో మా ఇల్లు. విశ్వకర్మ పూజ వస్తోందంటే ఈ ఊళ్లో ఇనుము ముట్టుకునే ప్రతివాడూ పనిముట్లు కడిగి, తుప్పు గీకి, రంగు వేసి దేవుడి ముందు పెడతాడు. నాన్నది మరీ ఛాదస్తం. అరిగిందీ విరిగిందీ బాగుచెయ్యకుండా పూజకి పెట్టరు. పూజ ముందురోజు నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి వసారాలో స్పానర్లు, సుత్తులు నూనె రాసుకుని మెరుస్తున్నాయి. వాటి పక్కనే తీగలు విప్పేసిన నా గిటారు.

"ఎవుడో తెగ వాడీసినాడ్రా. సెక్కంతా అరిగిపోయి గుంటలు పడిపోనాది. పుట్టీ ఎట్టి బరాబర్ సేసీసినాను. సూడు," అన్నారు సంబరంగా.

గుంటలన్నీ పూడ్చేశారు. పుట్టీ ఆరాక గరుకు కాగితంతో రుద్ది వార్నిషు కూడా వేశారు. ఎక్కడా వంక పెట్టడానికి లేదు.

కోపం వస్తే నా నోట హిందీయే వస్తుంది. "క్యా కర్ దియా ఆప్‌నే!" ఎంత పని చేశారు అని అరిచాను. ఆ గుంటలెందుకో, అవి లేకపోతే నా వేళ్లు ఎందుకు పనికిరావో అరుస్తూనే చెప్పాను. నాన్న మళ్లీ కింద కూర్చున్నారు. గిటారు ఒళ్లో పెట్టుకుని, గుండ్రటి ఆకురాయితో గీకడం మొదలుపెట్టారు. పుట్టీ రాయిలా బిగిసిపోయింది. దాంతోపాటు చెక్క పెళ్లలు లేచాయి, ఓ ఫ్రెట్టు ఊడి వచ్చింది. ఇక అది గిటారు కాదని నాకు అర్థమైంది. ఆయన ఆపలేదు.

ఓ గుంట తవ్వి, నా చెయ్యి లాక్కుని ఆ రెండు వేళ్లనీ అందులో పెట్టారు.

"సెప్పు. అడుగు తగుల్తందా? ఇంకా లోతు సెయ్యాలా?"

ఆ వేళ్లు ఎక్కడున్నాయో కళ్లతో చూస్తే గాని నాకు తెలియదు. పోయింది బలమొక్కటే కాదని ఇంట్లో చెప్పడానికి అన్నాళ్లూ నోరు రాలేదు.

"తెల్దు నాన్నా. ఆ ఏళ్లకి ఏటీ తెల్దు."

నాన్న ఆకురాయి కింద పడేశారు. నా వేలికొసని గోటితో నొక్కి నా మొహంలోకి చూశారు. ఇంకా గట్టిగా నొక్కారు. నెత్తురు చుక్క పైకి వచ్చింది. ఆయన గోరు తియ్యలేదు.

"నొప్పెడతందని సెప్పు బాబూ," అన్నారు. "ఒక్కసారి సెప్పు."