బూతానికి నోరెందుకు లేదంటే

ఆ రోజుల్లో ఒక బొమ్మల కథను పదిమంది చేతికి చేర్చాలంటే ముందు ముక్కు మూసుకోవాలి. మాటవరసకు అనడం లేదు, నిజంగానే మూసుకోవాలి. నా కథ పుట్టిందే అమ్మోనియా వాసనలో. ఇప్పుడు మా అమ్మాయి కుర్చీలోంచి లేవకుండా పలక మీద బొమ్మలు గీసి, వేలితో ఒక్క నొక్కు నొక్కి లోకం మీదికి వదిలేస్తుంది. నేను టీ తాగి కప్పు కడిగేలోపు ఎక్కడెక్కడివాళ్ళో బాగుందని రాసేస్తారు. నాకు కుళ్ళు లేదని చెప్పను. మొన్న ఆ అమ్మాయే వచ్చి, "బాపూ, నీ పాత బూతాన్ని నా కథలకు తీసుకుంటున్న. కానీ నోరు లేకుంటే ఈ కాలంల ఎవరు భయపడతరు? నోరు పెట్టనా?" అని అడిగింది. "కొమ్ములు పెట్టుకో, తోక పెట్టుకో, నోరు మాత్రం పెట్టకు" అన్నాను. నేనెప్పుడూ అంత గట్టిగా మాట్లాడను కాబట్టి చేతిలోని కలం కింద పెట్టి ఎందుకో చెప్పమంది. ఆమెకు చెప్పిందే మీకూ చెబుతున్నాను.

మాది మోత్కూరు. ఎనభైల్లో, నాకు ఇరవై రెండేళ్ళప్పుడు, కృష్ణ మీది డ్యాం పక్కనున్న కాలనీలో ఒక ఆఫీసులో ట్రేసరుగా చేరాను. (ఏ ఆఫీసో చెప్పను. అందులో పనిచేసినవాళ్ళు ఇంకా పెన్షన్ తీసుకుంటున్నారు, వాళ్ళ టీ నేనెందుకు చేదు చెయ్యాలి.) ట్రేసరంటే పెద్దవాళ్ళు పెన్సిలుతో గీసిన పటం మీద గంజి పట్టించిన పల్చటి గుడ్డ పరిచి సిరాతో దిద్దేవాడు. సొంతంగా ఒక్క గీత గీసినా తప్పే. మా పైన హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ ఉండేవాడు, గుంటూరు వైపు మనిషి. చేతిలో ఎప్పుడూ స్కేలు ఉండేది కాబట్టి స్కేలు సారు. మేం దిద్దిన గుడ్డను అచ్చు తీసే యంత్రం దగ్గర చాచా ఉండేవాడు. ఆ యంత్రం అమ్మోనియా ఆవిరితో పనిచేసేది కాబట్టి ఆ గదిలోకి ఎవరు వెళ్ళినా కళ్ళ నీళ్ళతోనే బయటికి వచ్చేవారు. ఆఫీసు కుండలు నింపడానికి ఒక ముసలామె ఉండేది, అందరికీ నీళ్ళవ్వ. డ్యాం నీళ్ళు నిండినప్పుడు మునిగిపోయిన ఊళ్ళలో ఆమె ఊరు ఒకటని అందరికీ తెలుసు. తెలిసి ఊరుకునేవాళ్ళం.

సొంతంగా గీత గీయొద్దన్నారు కాబట్టి నాకు సొంతంగా గీయాలనే రోగం పట్టుకుంది. అట్లా మొదలైంది నీళ్ళ కింది రాజ్యం. మా డ్యాం నీళ్ళ అడుగున ఒక రాజ్యం ఉంటుంది. దానికి గవ్వల రాణి, ఆమెకు ఒక మొసలి మంత్రి. అక్కడ వాన కింది నుంచి పైకి కురుస్తుంది. దీపాలు తలకిందులుగా వెలుగుతాయి. ఎవరు మాట్లాడినా నోట్లోంచి బుడగలే వస్తాయి, మాటలు ఆ బుడగల్లోనే ఉంటాయి. (బొమ్మల కథల్లో మాటలకు బుడగలెందుకో లోకంలో సరైన కారణం చూపించినవాడిని నేనొక్కడినేనని ఇప్పటికీ నా నమ్మకం.) చేతికున్న అలవాటు చావక రాణిగారి కోటకు ప్లానూ, ఎలివేషనూ, సెక్షనూ గీసేవాణ్ణి. ప్రతి బొమ్మలోనూ పైమూలన ఉత్తరం చూపించే బాణం కూడా ఉండేది, కత్తియుద్ధం జరుగుతున్నా సరే. ఇక రాణిగారి శత్రువు, బూతం. దానికి మూడుసార్లు నోరు గీస్తే మూడుసార్లూ నవ్వుతున్నట్టే వచ్చింది. విసుగొచ్చి గోకేశాను. తీరా చూస్తే నోరు లేని ఆ ముఖాన్ని చూసి కాలనీ మొత్తం జడుసుకుంది. అది నా ప్రతిభేనని నేనెవరికైనా చెప్పి ఉంటే ఇప్పుడు క్షమించాలి.

శనివారం శనివారం చాచా మూడు అచ్చులు తీసిచ్చేవాడు. ఒకటి టీ కొట్టు గోడకు, ఒకటి క్వార్టర్లలో ఇల్లిల్లూ తిరగడానికి, ఒకటి చాచాకే. కొత్త ట్రేసింగు గుడ్డ ముట్టుకుంటే స్కేలు సారు వేళ్ళు విరగ్గొడతాడు. అందుకని స్టోరు గది మూలన చెదలు పట్టి పడి ఉన్న పాత గుడ్డల కట్ట నా కంట పడింది. ఆ గుడ్డలకు మా ఆఫీసులో వేరే వాడకం ఉండేది. వేడి నీళ్ళలో ఉతికితే గంజి పోయి మెత్తని నూలు గుడ్డ మిగిలేది, సగం మంది జేబురుమాళ్ళు అవే. నేను మాత్రం ఉతకలేదు. ఒక పొడుగాటి చుట్ట తీసుకుని, గడ్డం గీసుకునే బ్లేడుతో దాని మీది పాత గీతలన్నీ గోకి, సుద్దపొడి రుద్ది, వారానికొక ముక్క కత్తిరించుకునేవాణ్ణి. అవి ఏ గీతలో చూడాలని ఒక్కసారి కూడా అనిపించలేదు. నా కథ ముందు పాత పటాలెంత అనుకున్నాను.

ఆ చుట్టతో మొదలుపెట్టిన వారమే చాచా అచ్చును యంత్రంలోంచి లాగి వెలుతురుకు పట్టుకున్నాడు. "బేటా, గీ బూతం ఎనక ఇల్లు గీసినవా?" అన్నాడు. నేను ఇల్లు గీయలేదు. కానీ ఉంది. బూతం భుజం వెనకాల పొగలాగా లేత నీలంలో నాలుగు గోడలు, ఒక గుండ్రని బావి, గడప ముందు ఏదో అంకె. గుడ్డ తీసి చూశాను. గుడ్డ మీద ఏమీ లేదు. ఆ అచ్చే టీ కొట్టు గోడకు ఎక్కింది. సాయంత్రానికి కాలనీ అంతా "ఏం నీడలు ఏసినవ్ రా మోత్కూరోడా" అని భుజం తట్టింది. నేను కాదనలేదు. "కష్టపడ్డా" అన్నాను. మా అమ్మ నన్ను అబద్ధాలు ఆడొద్దనే పెంచింది, కానీ ఆమె మోత్కూరులో ఉంది.

సోమవారం నీళ్ళవ్వ కుండ నింపడానికి వచ్చి, క్వార్టర్లు తిరిగి నా బల్ల మీదికి వచ్చిన అచ్చు చూసి ఆగిపోయింది. ఆమెకు చదువు రాదు. తడి వేలు కొంగుకు తుడుచుకుని ఆ లేత గోడల మీద పెట్టింది. "గిది మా ఇల్లు" అంది. నేను నవ్వాను. "అన్ని ఇండ్లు గిట్లనే ఉంటయి అవ్వా, నాలుగు గోడలు." ఆమె నా మాట వినలేదు. "గీ బాయికి గీ పక్కన రెండు చింతచెట్లుండాలె. ఎందుకు గీయలె?" అని వేలిని ఎడమవైపుకు జరిపింది. ఆ వేలు కాగితం అంచు దాటి బల్ల మీద ఆగింది. "గీడ" అంది.

తర్వాతి వారం నేను కావాలనే బోసి బొమ్మ గీశాను. రాణి, ఆమె వెనక ఖాళీ నీళ్ళు, అంతే. ఒక్క చెట్టు కూడా లేకుండా. చాచా అచ్చు తీస్తుంటే పక్కనే నిలబడ్డాను. కాగితం మెల్లగా బయటికి వచ్చింది. రాణి కిరీటానికి కుడివైపు, అంటే పోయిన వారం ముక్క అంచు అవతల, ఆమె వేలు ఆగిన చోటనే, రెండు సున్నాలు పక్కపక్కన తేలాయి. మా పటాల్లో చెట్టుకు గుర్తు సున్నా. మిట్టమధ్యాహ్నం, ఫ్యాను తిరుగుతోంది, పక్క గదిలో ఎవరో టిఫిన్ డబ్బా మూత తీస్తున్నారు, అయినా మునిగిన ఊరు నా బొమ్మల్లోంచి వారానికింత పైకి లేస్తోందని నిజంగా నమ్మాను. "చాచా, నేనింక గీయ" అన్నాను.

చాచా నా ముఖం చూసి జాలిపడ్డాడు. నా గుడ్డ ముక్కను యంత్రం లోపలి దీపం ముందు పట్టుకున్నాడు. మామూలు వెలుతురులో తెల్లగా ఉన్న గుడ్డ మీద ఆ దీపానికి గోడలు, బావి, చెట్లు అన్నీ సన్నగా కనిపించాయి. "సూడు. నీ బ్లేడు సిరాను గోకింది గాని గీతను గోకలె. దారాల్ల దాగింది. కంటికి కనబడదు, మిషనుకు కనబడతది. గిది పాత నక్ష బేటా. మునిగే ఊర్లల్ల ఇండ్లు, బాయిలు, చెట్లు రాసుకున్నరు సూడు, గదే." నాకు ప్రాణం లేచొచ్చింది. తర్వాతి క్షణమే మళ్ళీ పోయింది. నేను గోకింది ఆఫీసు నక్షను, అసలు సర్వే పటాన్ని. స్కేలు సారుకు తెలిస్తే మోత్కూరు బస్సెక్కడమే.

అవ్వకు ఆ సంగతి మెల్లగా చెప్పాను, మహిమ ఏమీ లేదు, పాత నక్ష, అంతే అని. ఆమె నిరాశపడుతుందనుకున్నాను. ఆమె గోడకు ఆనుకుని కింద కూర్చుంది. "నక్షైతే ఇంకా మంచిది. నక్షకు దిక్కుంటది గదా" అంది. అప్పుడు చెప్పింది. ఆ చింతచెట్ల వెనక పశువుల దొడ్డి. దొడ్డి గోడ పక్కన ఆమె తొలిచూలు పిల్లను పూడ్చారు. పేరు కూడా పెట్టకముందే పోయిన పిల్ల. ఊరు ఖాళీ చేసేటప్పుడు అందరూ గిన్నెలు, తలుపులు, దూలాలు మోసుకున్నారు. ఆ పిల్లను ఎట్లా తెచ్చుకుంటారు. పెత్రమాస నాడు, అంటే భాద్రపద అమావాస్యకు, అందరూ పెద్దలకు పెడితే ఆమె ఆకులో పాలన్నం పెట్టి నీళ్ళలో వదిలేది. "ఎటు వదలాల్నో తెల్వక ఎటో ఒక దిక్కు వదులుతున్న బిడ్డా. ఎవరికి పోతుందో ఏమో. మా దొడ్డి ఎటున్నదో జర చూపియ్యి, చాలు. పెత్రమాస ఇంక ఆరు రోజులే."

నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నేను తొందరపడతాను. అవ్వను వెంటనే ఆఫీసు వెనక గుట్ట మీదికి తీసుకెళ్ళి, నక్షకు పైన ఉత్తరం కాబట్టి ఎడమనున్న చెట్ల వెనక అంటే ఇటే అని ఘనంగా చెయ్యి చాపాను. (అప్పటికి నేను వందకు పైగా ఉత్తరం బాణాలు గీసినవాణ్ణి.) అవ్వ నీళ్ళ వైపు చూసి తల అడ్డంగా ఊపింది. "కాదు బిడ్డా. మా దొడ్డి మీదికెల్లే పొద్దు పొడిచేది. నువ్వు పొద్దుగూకే దిక్కు చూపిస్తున్నవ్." మేం గుట్ట దిగాం. అసలు ఉత్తరం ఎటో తెలియాలంటే ఆ నక్ష పైమూల కావాలి. నా చుట్టకు పైమూల లేదు. నేను తీసుకునేటప్పటికే ఎవరో కత్తిరించేశారు. ఇక మిగిలింది స్కేలు సారే.

గోకిన ముక్కలూ, అచ్చులూ అన్నీ ఆయన బల్ల మీద పెట్టి జరిగిందంతా చెప్పాను. గుమ్మం దగ్గర అవ్వ కుండ పట్టుకుని నిలబడింది. సారు అచ్చును స్కేలుతో దగ్గరికి లాక్కుని గడప ముందున్న ఏడు అంకెను చూశాడు. ఆ ఏడుకు నడుము మీద ఒక అడ్డగీత ఉంది. ఆఫీసులో ఏడును అట్లా రాసేది ఒక్కరే. "ఇది నేను గీసిందయ్యా. నీ వయసులో" అన్నాడు. స్కేలు కొసను ఆ ఏడు మీద ఆనించాడు. "ఊరిని ఉత్తరపు కొస నుంచి కొలుచుకుంటూ వచ్చాం. కొలిచిన వరసలోనే చుట్ట అడుగు నుంచి పైకి గీశాను. అందుకని మొత్తం తలకిందులుగా వచ్చింది, ఉత్తరం కిందికి. పైమూలన రాశాను ఆ సంగతి." "ఆ మూల లేదు సార్" అన్నాను. ఆయన జేబులోంచి మెత్తటి తెల్లని రుమాలు తీసి బల్ల మీద పరిచాడు. ఉతికి ఉతికి మరక కూడా లేని నూలు గుడ్డ. "ఆ మూల ఇది" అన్నాడు. నా ఉద్యోగం పోలేదు. ఎట్లా పోతుంది, అదే కట్టలోంచి ఇద్దరం కోసుకున్నాం. సారు ఆ రుమాలుతోనే కళ్ళు తుడుచుకుని, అమ్మోనియా ఘాటు ఇక్కడిదాకా వస్తోందని చాచాను కసిరాడు. ఆ రోజు యంత్రం వేయనేలేదు.

పెత్రమాస నాడు పొద్దున్నే సారే గుట్ట మీదికి వచ్చి, స్కేలు చాపి చూపించాడు. "అదిగో ఆ తెల్లరాయి కొసకు కుడిగా చూడమ్మా. నేరుగా." అవ్వ స్కేలు వెంబడి చూసింది. అప్పుడే పొద్దు పొడిచి నీళ్ళ మీద పడింది. "గదే" అంది. కిందికి దిగి ఆ దిక్కుగా ఆకును వదిలింది. ఆకు కాసేపు కదలకుండా నిలిచి, తర్వాత ఎవరో మెల్లగా లాక్కున్నట్టు లోపలికి పోయింది. గాలి అని నేను నాకు చెప్పుకున్నాను. ఆ పొద్దున గాలి లేదు.

తిరిగి వస్తుంటే అవ్వ నన్ను పక్కకు పిలిచింది. ఆ శనివారం రాణి చేతిలో బూతం చావాలని, కథ అక్కడితో అయిపోవాలని నేను కాలనీ అంతా చాటింపు వేసుకున్నాను. "వాన్ని సంపకు బిడ్డా" అంది. "నోరు లేనోడు. తినడు, కసురుకోడు. మా పిల్ల కాడ కావలి ఉండనియ్యి." ఆ వారం బూతం యుద్ధం మధ్యలో గద కింద పడేసి, నడుచుకుంటూ వెళ్ళి ఒక దొడ్డి గోడ పక్కన కూర్చుంది. ఎందుకని అందరూ అడిగారు. కథకు అవసరం అన్నాను. అప్పటి నుంచి ప్రతి వారం బొమ్మలో ఏదో మూల అది కూర్చునే ఉంది. అవ్వ శనివారం వచ్చి ముందు ఆ మూల చూసి, తర్వాతే కుండ నింపేది. కథ ముగిస్తే కావలి పోతుంది కదా, అందుకే ముగించలేకపోయాను. మొత్తం పదమూడేళ్ళు గీశాను. అందులో చివరి రెండేళ్ళు అవ్వ లేదు.

మా అమ్మాయి అంతా విని, పలక నా వైపు తిప్పింది. నన్ను అడిగేముందే నోరు గీసి ఉంచింది, దొంగ. దాన్ని నా కళ్ళ ముందే తుడిపేసి, బూతం పక్కన ఒక చిన్న గోడ గీసింది. "గోడ ఏ దిక్కుకుండాలె బాపూ?" అని అడిగింది. "ముందు ఉత్తరం ఎటో అడుగు బిడ్డా, గీసినోన్ని" అన్నాను. గుట్ట మీద నిలబడి పడమటి నీళ్ళ వైపు ఘనంగా చెయ్యి చాపిన ఆ ఇరవై రెండేళ్ళవాడు గుర్తొచ్చి, చాలాసేపు నాలో నేనే నవ్వుకున్నాను.