సాలూరులో డాస్ బతికే ఉంది

"మేడం పోనారు బాబూ" అని సాలూరు లారీ ఆఫీసు నుంచి బుకింగ్ గుమస్తా ఫోన్ చేశాడు. నేను తేరుకోకముందే రెండో మాట అడిగేశాడు. "మరి మన పోగ్రాం ఏటవుతాది?" ఇప్పుడు అడగాల్సిన మాటేనా అని కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే, మేడం కూడా ముందు అదే అడిగి ఉండేవారు.

ఆవిడ మా టైపు మేడం. టైపు మిషన్ల కాలం చెల్లిపోతోందని తెలిశాక, నలభై దాటిన వయసులో పాస్కల్ అనే కంప్యూటర్ భాష నేర్చుకుని, లారీ ఆఫీసులకు వేబిల్లులు, అంటే లారీతో వెళ్లే సరుకు బిల్లులు, కొట్టే ప్రోగ్రాం సొంతంగా రాశారు. అది డాస్ మీద నడుస్తుంది. నల్ల తెర, తెల్ల అక్షరాలు, మౌస్ అక్కర్లేని ఆ పాత ఆపరేటింగ్ సిస్టమ్ మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. నేను ఆవిడ దగ్గర టైపు నేర్చుకుని, విజయనగరంలో ఇంజనీరింగ్ చదివొచ్చి, ఆవిడకే పాఠం చెప్పబోయిన ఘనుణ్ణి.

"డాస్ చచ్చిపోయింది మేడం" అన్నాను. ఆ గుమస్తా ఆఫీసులోనే ఆవిడ ప్రోగ్రాం తీసేసి, మౌస్‌తో నడిచే రంగురంగులది పెట్టాను. అతను పని ఎలా చేస్తాడో ఒక్క పూటైనా కూర్చుని చూడలేదు. అతను తెర చూడడు. కళ్లు కిటికీలోంచి లారీ మీదే ఉంటాయి. కలాసీలు ఎక్కించే బస్తాలు చూసుకుంటూ కుడిచేత్తో అంకెలు కొట్టుకుపోతాడు. నా మౌస్ కోసం తల తిప్పిన ప్రతిసారీ లెక్క తప్పేది. మూడో రోజు బిల్లులో ఎనిమిది చింతపండు బస్తాలున్నాయి, లారీలో ఆరే ఘాట్ రోడ్డెక్కాయి.

మేడం తిట్టలేదు. తన ప్రోగ్రాం తిరిగి పెట్టి అడిగారు. "ఒరే, పాతది పాతదంతన్నావు. ఆడి సెయ్యి సూసినావేటి నువ్వు?"

మనం రాసిన ప్రోగ్రామును మిషన్‌కు అర్థమయ్యేలా మార్చేది కంపైలర్. ఆవిడ కొనుక్కున్న కంపైలర్ పాతబడిపోయింది. దానితో చేసిన ప్రోగ్రాం వేగమైన కొత్త మిషన్ల మీద తెరవగానే ఆగిపోయేది. అమ్మినవాళ్లు చేతులెత్తేశారు. ఏయే దేశాలవాళ్లో కలిసి రాసి, లోపలి కోడుతో సహా అందరికీ ఊరికే ఇచ్చేసిన కంపైలర్ ఒకటి అప్పుడు ఇంటర్నెట్‌లో ఆవిడ కంటబడింది. దానితో ప్రోగ్రాం మళ్లీ నిలబడింది.

కొన్నేళ్లకు వాళ్లలో ఒకాయన, డాస్ ఎవరూ వాడటం లేదు, కంపైలర్‌లోంచి దాన్ని తీసేద్దామని అందరికీ మెయిల్ పెట్టాడు. మేడం నాకు ఫోన్ చేసి మండిపడ్డారు. "ఎవులూ వాడ్డం లేదంతాడేటి! మనం ఎవులమూ కాదేటిరా?" సాలూరులో మూడు ఆఫీసులు వాడుతున్నాయని వాళ్లకు నాలుగు ముక్కల ఇంగ్లీషులో రాశారు. ప్రతి కొత్త వెర్షన్‌నూ అసలైన డాస్ మిషన్ మీద పరీక్షించే మనిషి ఉంటే ఉంచుతామన్నారు వాళ్లు. "నేనున్నాను" అని జవాబిచ్చారు మేడం.

ఆ మాట మీదే ఉన్నారు. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా దానితో తన ప్రోగ్రాం తయారుచేసి, ఒక వేబిల్లు కొట్టేవారు. సరుకు: కంపైలర్. బస్తాలు: ఒకటి. కార్బన్ పెట్టిన మూడు కాపీల్లో అడుగుదాన్ని తీసి వెలుతురుకు పట్టేవారు. "మూడో కాపీలో కనబడితేనే పని సేసినట్టు" అనేవారు. ఆ కాపీని గోడనున్న ఇనప తీగకు గుచ్చేవారు.

ఆవిడ పోయిన వారంలోనే కొత్త వెర్షన్ వచ్చింది. సాలూరు నుంచి కబురు లేదు, ఇక డాస్ తీసేద్దామా అని వాళ్లు మళ్లీ అందరికీ మెయిల్ పెట్టారు. కాలం మారిందనీ, పట్టుకుని వేలాడకూడదనీ మీలో కొందరు అనుకుంటారు. నేనూ అన్నవాణ్ణే. పనిచేస్తున్నదాన్ని చచ్చిపోయిందనే హక్కు దాన్ని వాడనివాళ్లకు లేదు. ఇప్పుడు నేననేది ఇదే.

గుమస్తాను వెంటబెట్టుకుని ఆవిడ టైపు ఇన్‌స్టిట్యూట్ తాళం తీశాను. ఆవిడ మిషన్ ముందు కూర్చుంటే ఏడుపు ఆగలేదు. రెండుసార్లు తప్పు కొట్టాను. మూడోసారి కొత్త వెర్షన్‌తో ప్రోగ్రాం తయారైంది. వేబిల్లులో పంపినవారి గడిలో ఆవిడ పేరే ఉంచి ప్రింటు ఇచ్చాను. ప్రింటర్ గరగరమంది. గుమస్తా అడుగు కాపీ లాగి కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు.

"కనబడతన్నాదా?" అన్నాను.

"కనబడతన్నాది బాబూ."

వాళ్లకు ఒకే ముక్క రాశాను, నేనున్నానని. గుమస్తా ఆ కాగితాన్ని తీగకు గుచ్చాడు, ఆవిడ గుచ్చిన చివరి కాగితం మీద.