అమ్మ తీసిన ఖాళీ కార్డు

ఈ విషయం ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. దేవుడి మాట అని చెప్పి మా అమ్మకి నేను చదివి వినిపించిన వాక్యం దేవుడిది కాదు. నాది. ఆ నిమిషంలో నా నోటికి వచ్చింది.

డైరీలో కూడా రాయలేదు. ఆ రోజు పేజీలో "వాన. కార్డుల పని అయిపోయింది. తలనొప్పి" అని మాత్రమే ఉంది.

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. మా తాతలు సముద్రం దాటి తోట పనికి వచ్చి స్థిరపడ్డ సుంగై సుమున్‌లో ఎస్టేటు లైన్లనే పాత కూలీల ఇళ్ళ గురించి, పామాయిల్ తోటలో కనబడే ఆడమనిషి గురించి చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాను. ఒక్కటీ నమ్మలేదు. అద్భుతాల సంగతీ అంతే. ప్రార్థన కూటంలో ఎవరైనా లేచి సాక్ష్యం చెప్తుంటే, పోయిన నెల వాళ్ళు చెప్పినదానికీ ఇప్పుడు చెప్పేదానికీ పొంతన ఉందా అని లోపల చూసుకుంటూ ఉంటాను. దేవుణ్ణి నమ్ముతాను. ఆయన పేరు మీద చెప్పే ప్రతి కథనీ నమ్మలేను.

అమ్మ అలా కాదు. గ్యాసు పొయ్యి వెలిగించే ముందు కళ్ళు మూసుకునేది. కారు తాళం తిప్పే ముందు, తను పనిచేసే స్కూలు క్యాంటీన్‌లో పెద్ద గిన్నె దించే ముందు, మబ్బు పడితే ఆరేసిన బట్టల కోసం, అన్నిటికీ దేవుడితో ఒక చిన్న మాట. అరనిమిషం కూడా పట్టేది కాదు. పక్కింటి ఆవిడతో గోడ మీంచి మాట్లాడినట్టే మాట్లాడేది.

మా మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, రాములవారి గుడి మనిషి. మా నాన్నమ్మ కాలం నుంచి మా ఇల్లు క్రైస్తవులది కాబట్టి, ఇక్కడికి పెళ్ళయి వచ్చాక అమ్మ యేసుని నమ్ముకుంది. మావయ్యకి అది కోపం కాదు, వేళాకోళం. మా వైపు అక్కని అప్ప అంటారు, మాట చివర ఊరికే 'లా' అని తగిలిస్తారు.

"అప్పా, నీ దేవుడికి ఇంకేటీ పని నేదా లా? పార్కింగు కూడా ఆయనే సూడాలా?"

"నీకు దొరికినాదా పార్కింగు?"

"నేదు."

"నాకు దొరికినాది. నోర్ముయ్."

నాకు తొమ్మిదేళ్ళప్పుడు నాన్న ఛాతీ నొప్పి అంటూ తనే నడుచుకుంటూ వెళ్ళి ఆసుపత్రిలో చేరారు. మూడో రోజు శవాన్ని వ్యానులో ఇంటికి తెచ్చారు. అంత ధైర్యవంతురాలైన అమ్మ ఆసుపత్రి అంటే మాత్రం వణికిపోయేది అందుకే. ఇది జరగడానికి ముందటి ఏడాది ఆమె గుండెలో ఒక కవాటం పాడైందని తేలింది. ఇపో పట్నం పెద్దాసుపత్రిలో ఆపరేషన్‌కి రెండుసార్లు తేదీ ఇచ్చారు. రెండుసార్లూ సంతకం పెట్టకుండా తిరిగి వచ్చేసింది. ఇంకోసారి వాయిదా వేస్తే ఆ తర్వాత చేసినా లాభం ఉండదని డాక్టర్ నాతో విడిగా చెప్పారు. నేను అది అమ్మకి చెప్పలేకపోయాను. నాకు ఎవరితోనైనా గట్టిగా మాట్లాడటం రాదు.

కొత్త సంవత్సరం రోజు మా కూటంలో వాగ్దానం కార్డులు తీస్తాం. ఒక పళ్ళెంలో కార్డులు బోర్లా పెడతారు, ఒక్కో దాని మీద ఒక్కో వాక్యం. చేతికి వచ్చింది ఆ ఏడాదికి దేవుడు మనకిచ్చిన మాట. వేరేచోట్ల అచ్చు కార్డులు కొంటారు. మాది ముప్పై మంది కూటం. తెలుగు కార్డులు ఇక్కడ దొరకవు. నేను దగ్గరి పట్నమైన తెలుక్ ఇంతాన్‌లో ఒక స్టేషనరీ కొట్టులో పనిచేస్తాను కాబట్టి, మిగిలిపోయిన మందపు అట్టలు కత్తిరించి చేత్తో రాసేదాన్ని.

మా వాళ్ళలో తెలుగు మాట్లాడేవాళ్ళున్నారు గానీ చదవగలిగేదాన్ని నేనొక్కదాన్నే. నాకు మా నాన్నమ్మ నేర్పింది. పాస్టర్ అయ్యగారు కూడా తమిళ బడిలో చదివినవారు, తెలుగు వాక్యాన్ని తమిళ అక్షరాల్లో రాసుకుని చదువుతారు. అందుకని ఎవరికి ఏ కార్డు వచ్చినా నా దగ్గరికి తెచ్చేవారు. నేను లేచి నిలబడి చదవాలి. ఏడాదిలో నేను నలుగురిలో నోరు విప్పేది ఆ ఒక్కరోజే.

ఆ ఉదయం అమ్మ తీసిన కార్డు నా చేతికిచ్చింది. తిప్పి చూశాను. ఏమీ లేదు.

అట్టలు నలభై కత్తిరించాను. డైరీ వెనక నేను రాసుకున్న వాక్యాల జాబితా తర్వాత లెక్కపెడితే ముప్పై తొమ్మిది. మధ్యాహ్నం భోజనం విరామాల్లో రాయడం వల్ల ఒకటి వదిలేసి ఉంటాను. అంతవరకూ వింత ఏమీ లేదు, నా పొరపాటు.

అమ్మ నా ముఖం వంకే చూస్తోంది. గదిలో అందరికీ ఆమె జబ్బు సంగతి తెలుసు. అందరూ చూస్తున్నారు. "ఇది ఖాళీ, ఇంకొకటి తియ్యి" అనడానికి ఒక్క క్షణం చాలు. కానీ అంతమందిలో మా అమ్మకి దేవుడు ఏమీ చెప్పలేదు అని నేను ఎలా అనను?

"భయపడకుము. నీ కాళ్ళతో నీవే నడిచి నీ గుమ్మములోనికి తిరిగి వచ్చెదవు" అన్నాను.

అందరూ ఆమెన్ అన్నారు. భోజనాల దగ్గర పాస్టర్ అయ్యగారు ఆ మాట ఎక్కడిదని అడిగారు. ప్రవక్తల్లోది అన్నాను. అది రెండో అబద్ధం.

మర్నాడు అమ్మ ఆసుపత్రికి తనే ఫోను చేసి తేదీ అడిగింది.

నేను అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. చెబితే ఆపరేషన్ మానేస్తుంది, మానేస్తే బతకదు. చెప్పకపోతే, నేను కల్పించిన మాట నమ్మి బల్ల ఎక్కుతుంది. అక్కడే పోతే దేవుడి పేరు వాడి పంపించినదాన్ని నేనవుతాను. రోజూ పొద్దున్నే టీ తాగాక అమ్మ ఆ కార్డు తన గుర్తింపు కార్డు ఐసీ పెట్టుకునే కవరులోంచి తీసి నాకిచ్చేది. "సదువమ్మీ" అనేది. నేను ఖాళీ అట్టని చూస్తూ చదివేదాన్ని. ఒక్క మాట అటూ ఇటూ కాకుండా. మొదటి వారం చదవగానే లేచి కప్పులు కడగడానికి వెళ్ళిపోయేదాన్ని. తర్వాత ఏమీ అనిపించలేదు. పళ్ళు తోముకోవడం లాగే అదీ.

ఫిబ్రవరిలో ఇపోలో చేర్చాం. ఆపరేషన్‌కి ముందురోజు, ఉదయం పదకొండు గంటలప్పుడు, వేడినీళ్ళ ఫ్లాస్కు నింపుకుని వార్డులోకి వస్తున్నాను. అమ్మ మంచం పక్కన కుర్చీలో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. నేత చీర, నుదుట పెద్ద బొట్టు. ఇపోలో ఉద్యోగం చేసే కొడుకు దగ్గరికి శ్రీకాకుళం నుంచి వచ్చిందట. పక్క మంచం మీదున్న ఆవిడని చూడటానికి వచ్చి, అమ్మ తెలుగు విని ఇటు తిరిగింది.

"ఇక్కడ పుట్టినావా? మా అమ్మమ్మ మాట్లాడినట్టు మాట్లాడతన్నావే!" అంటోంది.

అమ్మ నవ్వుతూ కవరులోంచి కార్డు తీసింది. "నాను సదవనేను. కొంచిం సదివి పెట్టండి."

నేను గుమ్మం దగ్గర ఆగిపోయాను. పరుగెత్తి లాక్కోవచ్చు. నిజం ఇలా బయటపడుతుందన్నమాట, పోనీ అనుకున్నాను.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంది. అట్ట మీద వేలు పెట్టి, ఎడమ నుంచి కుడికి జరుపుతూ చదివింది.

"భయపడకుము. నీ కాళ్ళతో నీవే నడిచి నీ గుమ్మములోనికి తిరిగి వచ్చెదవు." వేలు కిందికి జరిగింది. "అటుతరువాత నేనే వచ్చెదను."

తర్వాత కార్డు తిరిగి ఇచ్చేసి, వేళయిపోతోందని లేచింది.

అమ్మ నన్ను చూసింది. "ఆకరి మాట నువ్వెప్పుడూ సదవనేదేటే?"

"చిన్న అక్షరాలు. చూసుకోలేదు" అన్నాను. అది మూడో అబద్ధం. ఆ మాట అంటూనే కార్డు తీసుకుని చూశాను. ఖాళీగా ఉంది. రెండు పక్కలా. కిటికీ వెలుగుకి పెట్టి చూశాను. పెన్ను నొక్కు గీత కూడా లేదు.

నేను ఎప్పుడూ చెయ్యని పని చేశాను. ఆవిడ వెనకాల లిఫ్టు దాకా వెళ్ళాను. ఏమడగాలో తెలియక, "ఆంటీ, కార్డు చదివారు కదా" అన్నాను.

"నువ్వేనా కూతురివి? నీ దస్తూరీయేనట కదా. గుండ్రంగా, ముత్యాల్లా ఉందమ్మా" అంది. లిఫ్టు తలుపులు మూసుకున్నాయి. మళ్ళీ ఆవిడ కనబడలేదు. పేరు కూడా అడగలేదు.

అప్పటి నుంచి నేను వేసుకున్న ప్రశ్నలు ఇవి. అమ్మే ఆవిడకి ముందుగా ఆ మాటలు చెప్పిందా? అమ్మని అడిగాను, లేదంది. చెప్పినా మొదటి వాక్యమే చెప్పగలదు, రెండోది ఆమెకీ తెలియదు. ఆవిడ జాలిపడి కల్పించిందా, నాలాగే? కల్పిస్తే నా మాటలే ఎలా వస్తాయి? కాగితం పనిలో ఉన్నదాన్ని, మాయమయ్యే ఇంకుల సంగతి నాకు తెలుసు. కానీ ఆ అట్ట మీద నేను ఏ ఇంకుతోనూ ఏమీ రాయలేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. పన్నెండో రోజున మావయ్య కారులో ఇంటికి తెచ్చాడు. గేటు దగ్గర చెయ్యి అందించబోతే అమ్మ తోసేసింది.

"వొగ్గీరా. నాను నడుస్తాను."

"నడువు లా, ఒలింపిక్సు," అన్నాడు మావయ్య. కానీ అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

గేటు నుంచి గుమ్మానికి తొమ్మిది అడుగులు. అమ్మ తనే నడిచి, గుమ్మం దాటి, లోపలికి వెళ్ళి పొయ్యి ముందు నిలబడి కళ్ళు మూసుకుంది. ఆ రోజు నేను సంతోషపడి ఉండాలి. డైరీలో "అమ్మ వచ్చింది" అని రాసి మూసేశాను. నేను చెప్పిన మాట అయిపోయింది. మిగిలింది నేను చెప్పనిది.

అమ్మ రోజురోజుకీ బాగుపడింది. రంగు వచ్చింది. నడకకి వెళ్ళేది, పాటలు పాడుకునేది. నేను మాత్రం రోజూ కొట్టు నుంచి వస్తూ వీధి మలుపులో మా గేటు కేసి చూసేదాన్ని. ఎవరి కోసం చూస్తున్నానో నాకే తెలియదు.

ఇంటికి వచ్చిన పదిహేనో రోజు ఉదయం చెప్పేద్దామనుకున్నాను. మొత్తం చెప్పాలి, కొత్త సంవత్సరం నుంచి. ఆ ఉదయం బల్ల దగ్గర మొదలుపెట్టాను కూడా. అమ్మ వినలేదు. నేను పనికి వెళ్ళిపోయాను. పది దాటాక మావయ్య నేను పనిచేసే కొట్టుకి ఫోను చేశాడు. తను వచ్చేసరికి అమ్మ ముందుగదిలో కుర్చీలో, ఎండ పడే చోట, కూర్చున్నది కూర్చున్నట్టే పోయి ఉందట. రక్తం గడ్డకట్టి ఉంటుందని, ఇలాంటి ఆపరేషన్ తర్వాత ఎంత జాగ్రత్తగా ఉన్నా ఒక్కోసారి జరుగుతుందని డాక్టర్ చెప్పారు. ఆ వివరణలో నాకు అనుమానం ఏమీ లేదు.

సమాధి కార్యక్రమంలో పాస్టర్ అయ్యగారు ఆ వాగ్దానం గురించి చెప్పారు. దేవుడు మాట తప్పలేదు, తన కాళ్ళతో ఇంటికి తెచ్చాడు, ఆ తర్వాతే పిలుచుకున్నాడు అన్నారు. అందరూ ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

కార్డు నా దగ్గరే ఉంది. నెల తర్వాత మావయ్యకి ఏమీ చెప్పకుండా చూపించాను. తిప్పి చూసి, "ఏటే, కాళీ అట్ట?" అన్నాడు. ఆ తర్వాతి కొత్త సంవత్సరానికి కార్డులు రాయమంటే చెయ్యి నొప్పి అన్నాను. కూటానికి వెళ్తూనే ఉన్నాను. గ్యాసు వెలిగించే ముందు కళ్ళు మూసుకుంటున్నాను. అది నమ్మకమో, అమ్మ నుంచి వచ్చిన అలవాటో చెప్పలేను. నా అబద్ధాన్ని దేవుడు తన మాటగా తీసుకున్నాడా, లేక నేను కల్పించాననుకున్నదే ముందు నుంచీ ఆయనదా, లేక ఒక ముసలావిడ చూపు చేసిన చిత్రమా? రెండేళ్ళుగా ఆలోచిస్తున్నాను. తేలలేదు. ఇలా రాస్తే తేలుతుందేమో అనుకున్నాను, అదీ లేదు.

ఆ ఉదయం సంగతి ఒక్కటి మిగిలింది. అమ్మ దోసె పోసి నా కంచంలో వేసింది. నేను తల వంచుకునే, "అమ్మా, ఆ కార్డు గురించి నీకొకటి చెప్పాలి, కోప్పడకు" అన్నాను. అమ్మ పెనం మీద ఇంకో దోసె తిప్పుతూ, నా వైపు చూడకుండానే అంది:

"తరవాత సెప్దువులే అమ్మీ. ముందు తిను, సల్లారిపోతాది."