కంబళి కింద రెండు లైట్లు

పందొమ్మిది వందల యాభైల్లో ఒక మధ్యాహ్నం కంబదూరు పోయే బస్సులో నా ఒళ్ళో రెండు టార్చిలైట్లు ఉన్నాయి. మా అంగడికి ఏది తెప్పించాలో తేల్చుకోలేకుండా ఉన్నాను. జపానుది చవకే, కానీ మద్రాసులో ఓడ దిగి మా ఊరు చేరేసరికి ఆ చవకంతా బాడుగలకే పోయేది. చెడిపోతే అడిగే దిక్కు లేదు. మన దేశపుది ప్రియం, అయితే ఆరు నెలల గ్యారంటీ. రెండూ వెలిగించి చూశాను. ఆ ఎండకు ఏదీ వెలుగుతున్నట్టే లేదు.

పక్కనున్న గొర్రెల కాపరి నవ్వాడు. “ఎండలో ఏం కనపడతాదప్పా? ఇట్ల రా,” అని తన నల్ల కంబళి ఇద్దరి తలల మీదా కప్పేశాడు.

లోపల చీకటి, ఉన్ని వాసన. జపాను లైటు తెల్లగా కళ్ళలో పొడిచింది. మనది ఆయన అరచేతిలో పసుప్పచ్చగా నిండింది.

“ఇది బాగుండాది. పొద్దు గూకేటప్పుడు ఉన్నట్టుండాది. ఇంక రెండూ ఆర్పు.”

ఆర్పాను. నేత సందుల్లోంచి ఎండ సన్నని చుక్కలై మా తలల పైనంతా మెరిసింది. “ఏమప్పా, లోపల ఏం చేస్తాండారు?” అన్న కండక్టరు గొంతు ఎక్కడో దూరం నుంచి వినిపించింది.

“ఈ కంబళికి గ్యారంటీ ఎంత?” అన్నాను నవ్వుతూ.

“మా నాయన నేసినాడు. ఆయన పోయినాడు, ఇది ఉండాది.”

తర్వాతి ఊళ్ళో కంబళి లాక్కుని ఆయన దిగిపోయాడు. ఎండకు కళ్ళు చెదిరి ముఖం కూడా సరిగా చూడలేదు.

మన లైట్లే తెప్పించాను. వెలుగు చూసుకోవడానికి అంగట్లో ఎండ పడేచోట ఒక నల్ల కంబళి పెట్టాను. కొనవచ్చినవాళ్ళు లైటు ఆర్పేశాక కూడా కాసేపు బయటికి వచ్చేవాళ్ళు కాదు. నేనూ పిలిచేవాణ్ణి కాదు.